మన బిడ్డల పేర్లు

గడచిన మాసమున చిక్కడపల్లిలో మా వీధివాడైన యువకుడొకడు నా యొద్దకు వచ్చెను. అతడు మన పాఠశాలలోనే చదివి, ఇప్పుడొక ఉద్యోగములో కుదురుకొనినవాడు. "మాస్టరుగారూ, మాకు మగబిడ్డ కలిగినాడు. ఇరువది యొకటవ దినమున ఉయ్యాలలో వేయుదుము. ఒక మంచి క్రైస్తవ నామము సెలవియ్యవలెను" అని యడిగెను. తెలుగు చెప్పువాడనగుటచే నిట్టి ప్రశ్న నాకు క్రొత్త కాదు. ఏవైన పేర్లు తలచితివా యని యడుగగా, చేతిలోని ఫోను తెరచి, ఆంగ్లాక్షరక్రమమున నున్న వందలకొలది పేర్ల పట్టికను చూపెను. అందులో నతని మనస్సునకు నచ్చినది "ఈథన్" అనునది. దాని యర్థమేమి యని యడిగితిని. "అర్థము తెలియదండి, వినుటకు బాగున్నది" అనెను. ఇంతలో లోపలి గదిలో మా యింటివారితో మాటలాడుచున్న అతని తల్లి వాకిటికి వచ్చి, "నా నోట పలుకని పేరు నా మనుమడికి పెడితే, నేను వాణ్ణి పిలిచేది ఎట్లా నాయనా?" అని కొడుకు నడిగినది.

ఆ దినమున నేనా యిద్దరికిని తగిన ప్రత్యుత్తర మియ్యజాలనైతిని. పిమ్మట ఆలోచింపగా, ఆ ముసలమ్మ యడిగిన ప్రశ్న మన క్రైస్తవ గృహములన్నిటిని అడుగదగినదని నాకు తోచినది. అందుచే నీ సంచిక కీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ప్రతి సంవత్సరమును జూన్ మాసమున క్రొత్త హాజరుపట్టిక చేతికి వచ్చినప్పుడు నేను మొదట పేర్లు చదివి చూతును. మా తరమువారి నాటి పట్టికలలో దేవసహాయము, కృపావరము, జీవరత్నము, ఆశీర్వాదము, శాంతమ్మ, సువార్తమ్మ, దీవెనమ్మ మొదలగు పేర్లు మెండుగా నుండెడివి. ఇప్పుడు బ్లెస్సీ, షైనీ, ఏంజెల్, కెవిన్, ర్యాన్ అనునవి కనబడుచున్నవి. తెలుగు తరగతిలో నొకనాడు "ఎవరి పేరునకు వారు అర్థము చెప్పుడు" అంటిని. అర్థము తెలిసినవారు కొందరే. శారోను అను బాలిక తన పేరు పాలస్తీనాలోని యొక మైదానపు పేరని చెప్పి కూర్చుండెను. ఆమె తాత చెప్పెనట. కొందరు "మా నాన్నగారికి ఇష్టమని పెట్టినారు" అనిరి. ఒక బాలుడు మాత్రము, తండ్రి పేరులోని మొదటి యక్షరములును తల్లి పేరులోని చివరి యక్షరములును కలిపి తన పేరు చేసిరని సగర్వముగా చెప్పెను. ఆ పేరునకు ఏ భాషలోను అర్థము లేదు. కాని ఆ బాలుడు పలికిన తీరు చూచి నేను నవ్వలేకపోతిని. తలిదండ్రు లిరువురును తనలో నున్నారని వానికి తెలియుచున్నది గదా!

పేరు పెట్టుటను మన తెలుగువారు తేలికగా నెన్నడును చూడలేదు. బారసాలనాడు పళ్లెములో బియ్యము పోసి, తండ్రి బంగారు ఉంగరముతో ఆ బియ్యముపై బిడ్డ పేరు వ్రాయుట మన దేశాచారము. క్రైస్తవ గృహములలోను కొన్నింట నీ యాచారము ప్రార్థనతో కూడ నిలిచియున్నది. లూకా సువార్త మొదటి అధ్యాయము చదివినప్పుడెల్ల నాకీ బియ్యపు పళ్లెము జ్ఞాపకము వచ్చును. ఎనిమిదవ దినమున బంధువులును పొరుగువారును చేరి శిశువునకు తండ్రి పేరే పెట్టబోగా, తల్లియైన ఎలీసబెతు వలదని, యోహానని పేరు పెట్టవలె ననెను. మీ బంధువులలో నా పేరుగలవా డెవడును లేడే యని వారాక్షేపించిరి. మాట పడిపోయిన జెకర్యా పలక తెప్పించుకొని వ్రాసి చూపెను. పొరుగువారి యాక్షేపణ, తల్లి పట్టుదల, తండ్రి వ్రాత: ఇవి మన వీధిలోను నేటికిని జరుగుచున్నవే. యోహాననగా దేవుడు కృప చూపెనని యర్థము. ముసలితనమున బిడ్డను కన్న యా దంపతులకు అంతకంటె తగిన పేరు మఱియొకటి యుండునా?

పరిశుద్ధ గ్రంథములోని పేర్లు పట్టికలలో వెదకి తీసినవి కావు. అవి ఆ యింటి కథలోనుండి పుట్టినవి. హన్నా కన్నీటితో నడిగి పొందిన బిడ్డకు సమూయేలని పేరు పెట్టినది. ఏలీ కోడలు మందసము పట్టబడెనన్న వార్త విని, ప్రాణము పోవుచుండగా బిడ్డకు ఈకాబోదని పేరు పెట్టెను. ప్రభావము పోయెనని దాని తాత్పర్యము. రాహేలును ప్రసవవేదనలో మరణించుచు తన కుమారునకు బెనోని, అనగా నా దుఃఖపుత్రుడు, అని పేరు పెట్టినది. యాకోబు ఆ భార్యను మిక్కిలి ప్రేమించినవాడే. ఐనను ఆ బిడ్డ యావజ్జీవము తల్లి మరణమును పేరుగా మోయవలెనని యతడు కోరలేదు. బెన్యామీను, కుడిచేతి పుత్రుడు, అని మార్చెను. మన పొరుగుపేట యైన అశోక్‌నగర్ మీదుగా నడచునప్పుడు నాకీ కథ తరచుగా తలపునకు వచ్చును. అశోకుడనగా శోకము లేనివాడు. యాకోబు తెలుగువాడై యుండినయెడల ఆ బిడ్డకు అశోకుడనియే పేరు పెట్టియుండునేమో!

ఇక మన పెద్దలు విదేశపు పేర్ల నేల గ్రహించిరో ఆలోచింతము. దీనిని గూర్చి నేటి విద్యావంతులు కొందరు చులకనగా మాటలాడుదురు. అది న్యాయము కాదు. ఆ కాలపు పల్లెలలో పేదవానికి పేరే దక్కెడిది కాదు. బిడ్డలు పుట్టి పుట్టి చచ్చుచుండగా, మృత్యువు కంటబడకుండుటకై పెంటకుప్పమీద దొర్లించి పెంటయ్య యనియు, ఎంగిలి విస్తరిలో పరుండబెట్టి పుల్లయ్య యనియు పేర్లు పెట్టుట యొక విధము. అది అన్ని కులములలోను ఉండినదే. అందు తల్లిదండ్రుల ప్రేమయే కలదు. ఊరి పెద్దలు మాల మాదిగలను పిలిచిన విధము వేఱు. ఎంతటి వృద్ధుడైనను "ఓరీ" యనియు, పేరు చివర "గా" యనియు పిలువబడవలసినవాడే. అట్టి మనుష్యుడు సంఘము నెదుట నిలువబడి యోహాననియో, దానియేలనియో, రత్నమనియో పిలువబడినప్పుడు, ఆ శబ్దము హెబ్రీయా, లాటినా యని యతడు విచారింపలేదు. దానిని చివర విఱిచి పలుకుట కూర్చున్నవారి నోటికి అలవాటు లేదు. అదియే వానికి చాలియుండెను. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని ఒంగోలు ప్రాంతమున వెలంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ మహోద్యమమునకు ముందు త్రోవ వేసిన యెఱ్ఱగుంట్ల పేరయ్య మాత్రము 1866లో బాప్తిస్మము పొందియు పేరయ్యగనే యుండెను. పేరులోనే పేరున్నవానికి వేఱొక పేరేల యనిపించినది కాబోలు!

పేరయ్య చేసినది తప్పు కాదు. క్రైస్తవుడైన వెంటనే ప్రాత పేరు విడువవలెనని వేదమునం దెక్కడను ఆజ్ఞ లేదు. సౌలు మారుమనస్సు పొందినందున పౌలాయెనని బోధించువారు కలరు గాని, దమస్కు మార్గమున వాని పేరు మాఱలేదు. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయములో, పౌలనబడిన సౌలని మాత్రమే లూకా వ్రాయుచున్నాడు. ఒకటి యూదుల నడుమ వాడుక పేరు, మఱియొకటి రోమీయుల నడుమ వాడుక పేరు. ఆ పౌలు తన పత్రికలలో ఎవరెవరిని పేరుపెట్టి వందనములు చెప్పెనో చూడుడు. అపొల్లో పేరు గ్రీకుల సూర్యదేవత పేరునుండి వచ్చినది. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే దేవి యున్నది. హెర్మే యనునది సాక్షాత్తుగా దేవత పేరే. కెంక్రేయ సంఘపు పరిచారకురాలైన ఫీబే పేరు చంద్రదేవత బిరుదు. వీరిలో నొక్కరినైనను పేరు మార్చుకొమ్మని పౌలు వ్రాయలేదు. రోమను కథోలికులు చిరకాలము పరిశుద్ధుల పేర్లనే పెట్టుచు వచ్చిరి. 1483వ సంవత్సరము నవంబరు 10న పుట్టి, మరునాడు పరిశుద్ధ మార్టిను పండుగదినమున బాప్తిస్మము పొందుటచేతనే లూథరునకు మార్టిను అను పేరు వచ్చినది. ఐనను 1983లో వెలువడిన వారి సంఘశాసనము 855వ సూత్రమున, క్రైస్తవ భావమునకు విరుద్ధమైన పేరు పెట్టకుండ చూచుకొనవలెనని మాత్రమే చెప్పుచున్నది. పరిశుద్ధుని పేరే కావలెనని నిర్బంధింపదు.

దూరమేల? నారాయణగూడలోని క్రైస్తవ శ్మశానవాటికకు వెళ్లి చూడుడు. అక్కడ భక్త్‌సింగుగారి సమాధి కలదు. ఆయన 1903లో పంజాబునందు సిక్కు కుటుంబములో పుట్టి, ఇంగ్లండునను కెనడాలోను యంత్రవిద్య చదివి, 1932లో వాంకూవరు నగరమున బాప్తిస్మము పొందిరి. 1950లో మన నగరమునకు వచ్చి, గోల్కొండ చౌరస్తా యొద్ద హెబ్రోను అను పేరుతో సంఘమును స్థాపించిరి. 2000వ సంవత్సరము సెప్టెంబరు 17న పరమపదించిరి. వారి పేరులో మొదటి మాట పారసీక భాషలో అదృష్టమని యర్థమిచ్చునది. తెలుగువారు దానిని భక్తుడని యర్థము చేసికొనిరి, అదియును చెడ్డది కాలేదు. రెండవ మాట సింహము. ఆ పేరు వినినంతనే ఆయన క్రైస్తవుడు కాడేమో యని సందేహించినవారు ఈ పేటలలో నెవరును లేరు. ఆయనను సమాధి చేసిన స్థలమునకు పేరు నారాయణునిది! ఆ మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: మహారాష్ట్ర క్రైస్తవులు నేటికిని పాడుకొను కీర్తనల కవి నారాయణ వామన తిలకు 1895లో బాప్తిస్మము పొంది, 1919లో మరణించువరకు నారాయణుడుగనే యుండెను. మన యాంధ్ర క్రైస్తవ కీర్తనల కవులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌధరి (1803-1890) పేరు విష్ణు నామములలో నొకటి. పురుషులలో నుత్తముడని దాని యర్థము. ఆ కవి యా పేరును మార్చుకొనలేదు. ఆ యుత్తమ పురుషుడెవరో తన కీర్తనలలో చెప్పుకొనెను.

అట్లయిన బైబిలు పేర్లు వలదా యని యడుగుదురేమో. వలదని నేననను. కాని వానిని రెండు విధములుగా తెచ్చుకొనవచ్చును. శబ్దమును తెచ్చుట యొకటి, అర్థమును తెచ్చుట మఱియొకటి. రెండవదియే మేలని నా యభిప్రాయము. దీనికి మంచి యుదాహరణము తిరువాన్కూరు రాజ్యపు దేవసహాయం పిళ్లె. 1712లో పుట్టిన యీ నీలకంఠ పిళ్లె 1745లో బాప్తిస్మము పొందినప్పుడు ఆయనకు పెట్టిన పేరు లాజరు. ఐతే ఆ పేరు నట్లే యుంచక, అర్థమును తీసి దేవసహాయ మనిరి. లాజరు, ఎలియాజరు అనునవి యొక్క మాటయే. దేవుడు సహాయము చేసెనని యర్థము. 1752లో ఆయన కాల్చి చంపబడెను. 2022 మే 15న పోపు ఫ్రాన్సిసు ఆయనను పరిశుద్ధుడుగా ప్రకటించినప్పుడు, ఆ మాట రోమా నగరమున దేవసహాయ మనియే వినబడెను. మన తాతల పేర్లలోని దేవసహాయ మెంత దూరమునుండి నడచి వచ్చినదో చూచితిరా! అట్లే యోహాను, హన్నా అనువానిలో కృప యున్నది గనుక కృపావరము, కృపమ్మ. నతానియేలనగా దేవుడిచ్చినవాడు గనుక దైవదత్తము, దేవవరము. సొలొమోనులో శాంతి యున్నది గనుక శాంతరాజు, శాంతమ్మ.

కథోలికులైన మన తెలుగు సోదరులు ఈ విద్యలో మనకంటె గడుసువారు. పేతురనగా రాయి గనుక వారు రాయప్ప యనిరి. పౌలను మాటకు లాటినులో చిన్నవాడని యర్థము గనుక చిన్నప్ప యనిరి. ఇగ్నేషియసు ఇన్నాసియై, ఇన్నయ్యగా మన పొలములలో దున్నుకొనుచున్నాడు. ఫ్రాన్సిసు జేవియరు శౌరియై శౌరయ్య యాయెను. శౌరి యనునది విష్ణువునకు పేరని సంస్కృతము చదివినవారికి తెలియును గాని, శౌరయ్యను పిలుచు భార్యకు ఆ సంగతితో నిమిత్తము లేదు. ఇక మన హైదరాబాదులో నింకొక చిత్రము కలదు. ముషీరాబాదు వైపున "ఇబ్రాహీం, యూసుఫ్, దావూద్, సులేమాన్, యహ్యా" అని తల్లులు పిలుచుచుండగా విందుము. అవి మన అబ్రాహాము, యోసేపు, దావీదు, సొలొమోను, యోహానులే. ఒక్క పేరు వీధి దాటగానే వేఱు వేషము వేసికొనుచున్నది.

అర్థమును తెలుగులోనికి తెచ్చినప్పుడు వెగటు పుట్టకుండ చూచుకొనవలెను సుమా. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులోని ప్యూరిటనులు వాక్యములనే పేర్లుగా పెట్టిరి. ప్రెయిజ్‌గాడ్ బేర్‌బోను, అనగా దేవస్తోత్ర మనదగిన పేరుగల యొక తోలు వర్తకు డుండెను. 1653 నాటి పార్లమెంటును వెక్కిరించువారు దానికి వాని పేరే పెట్టిరి. మన స్తోత్రము, హల్లెలూయమ్మ లను చూచి నవ్వువారికి ఈ సంగతి చెప్పవచ్చును. పేరు మంచిదైనను లోకము దానిని పాడుచేయుటయు కలదు. దేవదాసను మాట యెంత మంచిది! 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసుగారిని తలచి ఎన్నియో గృహములలో నా పేరు పెట్టుకొనిరి. 1953లో "దేవదాసు" చలనచిత్రము వచ్చిన తరువాత, బడిలో నా పేరుగల బాలుడు గడ్డము పెంచెదవా, కుక్కను వెంట త్రిప్పెదవా యను ప్రశ్నలకు లోబడక తప్పినది కాదు.

ఇప్పుడు, వ్రాయుటకు కష్టమైన విషయమొకటి చెప్పవలసియున్నది. మనలో అనేక కుటుంబములలో బిడ్డకు రెండు పేర్లున్నవి. సంఘపు పుస్తకములో నొకటి, పాఠశాల పుస్తకములో మఱియొకటి. ఆదివారము సమూయేలు, సోమవారము శ్రీనివాసు. నా పట్టికలోను అట్టివా రుండిరి. ఆ బాలురు సిగ్గుతో తల వంచుట చూచితిని. దీనికి కారణము తలిదండ్రుల కపటమని తొందరపడి యనరాదు. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి యుత్తర్వులో, హిందూమతము కాక వేఱు మతము ననుసరించువాడు షెడ్యూల్డు కులములకు చెందినవాడుగా నెంచబడడని మూడవ పేరాయందు వ్రాయబడినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు చేర్చిరి. క్రైస్తవులను నేటికిని చేర్చలేదు. తెలుగు రాష్ట్రములు రెండింటను ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో "సి" విభాగమున నుంచి, నూటికొక్క భాగము మాత్రము కేటాయించిరి. ఆ యుత్తర్వు పేరును గూర్చి యేమియు చెప్పదు, మతమును గూర్చియే చెప్పును. కాని కార్యాలయపు బల్ల యొద్ద మతమునకు గుఱుతుగా మొదట చూడబడునది పేరే. తాత కూర్చున్న నేలమీదనే మనుమడును కూర్చుండవలసి వచ్చునేమో యను భయముతో నొక తండ్రి రెండవ పేరు వ్రాయించినయెడల, వానిని తప్పుపట్టుటకు ముందు ఆ శాసనమును తప్పుపట్టవలెను.

ఐనను ఆ భారమును మోయువాడు తండ్రి కాడు, బిడ్డ. దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము చూడుడు. బబులోను రాజు కొలువులో నలుగురు యూదా బాలురకు క్రొత్త పేర్లు పెట్టిరి. దానియేలు బెల్తెషాజరాయెను. తక్కిన మువ్వురును షద్రకు, మేషాకు, అబేద్నెగో యని సండే స్కూలులో ప్రతి బిడ్డయు గడగడ చెప్పును. వారికి తల్లులు పెట్టిన పేర్లేవి యని యడిగి చూడుడు, పెద్దవారును తడబడుదురు. హనన్యా, మిషాయేలు, అజర్యా! రాజు పెట్టిన పేర్లే లోకమునకు మిగిలినవి. అబేద్నెగో యనగా బబులోను దేవత యొక్క దాసుడు. అజర్యా యనగా యెహోవా సహాయము చేసెను. అనగా అదియును మన దేవసహాయమే. 1912లో డోర్నకలు బిషపుగా అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొట్టమొదటి బిషపైన వేదనాయకం సమూయేలు అజరయ్యగారు (1874-1945) ధరించిన పేరు ఆ బాలునికి తల్లి పెట్టినదే గాని, రాజు పెట్టినది కాదు. ఎస్తేరునకును హదస్సా యను వేఱొక పేరుండెను. తన జనమును మరుగుపఱచి రాజగృహమున మెలగినది. కాని చెప్పవలసిన దినము వచ్చినప్పుడు ఆమె చెప్పినది.

కావున ఒకే పేరు పెట్టుడని నేను వేడుకొందును. అర్థమును తెలుగులో తెచ్చుకొనినచో ఈ చిక్కు చాలవఱకు విడిపోవును. కరుణ, ప్రకాశము, శాంతి, ఆనందరావు, విజయ, అశోకు మొదలగు పేర్లు సంఘపు పుస్తకములో వ్రాయుటకు పాదిరిగా రడ్డు చెప్పరు. పాఠశాలలో వ్రాయుటకు తండ్రి భయపడ నక్కఱలేదు. ఇది మతమును దాచుకొను నుపాయమని కొందరనవచ్చును. మతమడిగిన గడిలో మతము నిజముగా వ్రాయవలసినదే. దానిని దాచుటకు నేను సలహా చెప్పుట లేదు. పేరు మన భాషలో నుండుట దాచుట కాదని మాత్రమే నా వాదము. ఇదివఱకే రెండు పేర్లున్న బిడ్డకు, ఏది ఎందుకు వచ్చినదో తలిదండ్రులు కూర్చుండబెట్టి చెప్పవలెను. పదియేండ్ల వానికి అర్థము కాని సంగతి కాదిది.

పేరును వ్రాయించుటలోని అజాగ్రత్తవలన కలుగు కష్టము వేఱు. అశోక్‌నగర్ గ్రంథాలయము చుట్టు ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువజనులు పగలును రాత్రియు కూర్చుండుట మన మందఱము చూచుచున్నదే. మన పాత విద్యార్థులు కొందరక్కడ కనబడుదురు. ఒకనికి పదవ తరగతి పత్రములో ఒక విధముగను, ఆధారులో నింకొక విధముగను ఆంగ్లాక్షరము లుండుటచేత, పరీక్షకంటె ముందు ఆ యక్షరముల వెంట తిరుగుటయే పెద్ద పరీక్ష యాయెను. పేరు లేకుండ జననము నమోదైనచో, పండ్రెండు మాసములలోపల రుసుము లేకుండ పేరు చేర్పించుకొనవచ్చును. ఆ పిమ్మట పదునైదేండ్లవఱకు రుసుముతో చేర్పింపవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీనుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును, ఇతర కార్యములకును జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకిని చోటునకును ఆధారము. కావున ఉయ్యాల వేడుకకు ముందే తెలుగు వ్రాతను, ఆంగ్ల వ్రాతను ఒక కాగితముమీద నిర్ణయించుకొని, నగరపాలక సంస్థలోను సంఘములోను అదే యిచ్చుట యుక్తము.

శబ్దమునే తెచ్చుకొనదలచినవారితో నాకు వైరము లేదంటిని గదా. గుఱ్ఱం జాషువ (1895-1971) పేరులోని యింటిపేరు అచ్చ తెనుగు, సొంత పేరు యెహోషువ. ఆయన పద్యము చదివినవారెవరికిని జాషువ యనునది పరభాషా పద మనిపింపదు. తెలుగు వాక్యములో వాడి వాడి దానిని తెలుగు చేసెను. ఆయన తన కుమార్తెకు పెట్టిన పేరు హేమలత. బంగారు తీగ యని యర్థము. ఈ హేమలతా లవణంగారు (1932-2008) పిమ్మట స్టువార్టుపురమునను, జోగినీల నడుమను చేసిన సేవ యెల్లరెఱిగినదే. హెబ్రీ పేరుగల తండ్రి తెలుగు కవియై, బిడ్డకు సంస్కృతపు పేరు పెట్టినప్పుడు, ఆ యింట నెవరికిని ఏదియు పరాయిది కాలేదు.

ఇక మా వీధి యువకుని సంగతి. రెండు దినములైన పిమ్మట నేను వారింటికి వెళ్లితిని. ఆ ముసలమ్మ యెప్పటివలెనే కండ్లద్దములు పెట్టుకొని తెలుగు బైబిలు చదువుకొనుచుండెను. 89వ కీర్తన తీయుమని, దాని పైనున్న పేరు చదువుమంటిని. "ఏతాను" అని చదివెను. "నీ కొడుకు కోరిన ఈథన్ ఈతడే" అంటిని. "ఏతానా? ఇన్నేండ్లనుండి చదువుతున్నదే గదా! ఆ మాట ముందే చెప్పకూడదా?" అని కొడుకువైపు తిరిగి కేక వేసినది. కొడుకునకు తన పేరు తన యింటి పుస్తకములోనే యున్నదని యప్పుడు తెలిసినది. ఉయ్యాలనాడు పళ్లెములో బియ్యముపై ఏతానని తెలుగులో వ్రాసెను. మరునాడు జనన ధ్రువపత్రమునకు ఇచ్చిన కాగితములోను అదే వ్రాసినట్లు నాకు చూపెను. ఆ పేరునకు అర్థమేమి యని ముసలమ్మ యడుగగా, కదలనివాడు, స్థిరుడు అని చెప్పితిని. ఆమె ఉయ్యాలలోనికి తొంగిచూచెను. వాడు కాళ్లతో చేతులతో దుప్పటి నంతయు తన్ని క్రింద పడవేసి యుండెను.